ఉపకార వేతనం: ఉపకారమా? వేతనమా?

కొన్ని మాటలను నిత్యం వాడుతూ ఉండడం వల్ల వాటి అర్థాన్ని పట్టించుకోవడం మానివేస్తాము. ‘ఉపకార వేతనం’ అటువంటి మాట. పేద విద్యార్థి చదువుకు ప్రభుత్వం ఇచ్చే ధనసహాయానికి తెలుగులో స్థిరపడిన పేరు ఇది. దరఖాస్తు ఫారాలపైన, సంక్షేమ శాఖ కార్యాలయాల గోడలపైన, ప్రభుత్వ ఉత్తర్వులలో ఈ మాటను చూస్తూనే ఉంటాము. కాని ఇందులోని రెండు పదాలు ఒకదానికొకటి విరుద్ధమైనవి. ఉపకారం ఇచ్చేవాని మంచితనాన్ని బట్టి ఉంటుంది. దానిని పొందినవాడు కృతజ్ఞుడై ఉండాలి; అందకపోతే అడిగే అధికారం అతనికి లేదు. వేతనం అట్లా కాదు. అది పనికి ప్రతిఫలం. దానిని ఇచ్చేవాడు దాత కాడు, పుచ్చుకొనేవాడు యాచకుడూ కాడు. సకాలంలో రాకపోతే నిలదీసి అడగవచ్చు. ఈ రెండింటినీ కలిపి ఒకే సమాసంగా చేసినవారెవరో గాని, మన సమాజం నేటికీ తేల్చుకోలేకపోయిన ఒక ధర్మసందేహాన్ని వారు ఒక్క మాటలో బంధించి పెట్టారు.

ఇతర భాషలను చూసినా ఈ సందిగ్ధం కనిపిస్తుంది. హిందీలో ఛాత్రవృత్తి అంటారు. వృత్తి అంటే జీవనాధారం. కన్నడంలో విద్యార్థి వేతన అంటారు. అక్కడ ఉపకారం ప్రసక్తి లేదు. తమిళంలో ఉదవిత్తొగై, అనగా సహాయపు మొత్తం. హైదరాబాదు సంస్థానపు ఉర్దూలో అది వజీఫా. ఉద్యోగ విరమణ చేసినవారికిచ్చే పింఛనును కూడ ఆ మాటతోనే పిలిచేవారు. ఒకే సహాయాన్ని ఒకరు జీవనాధారమన్నారు, ఒకరు జీతమన్నారు, ఒకరు సాయమన్నారు. పేర్లలోని ఈ భేదం కేవలం భాషకు సంబంధించినది కాదు. చదువుకొనే యువకునికి ధనమిచ్చేటప్పుడు రాజ్యం చేస్తున్న పని ఏమిటి? దానమా, అప్పు ఇవ్వడమా, లేక తన బాధ్యతను తీర్చుకోవడమా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోకుండా పథకాలను సవరిస్తూ పోతే, సవరణలు మిగులుతాయి గాని సంస్కరణ జరగదు.

శాసనాలలో విద్యార్థి

విద్యార్థికి అన్నవస్త్రాలు సమకూర్చడం మన దేశానికి కొత్త కాదు. గుంటూరు జిల్లాలో మందడం సమీపాన ఉన్న మల్కాపురంలో ఒక శిలాస్తంభ శాసనముంది. క్రీ.శ. 1261 నాటిది, కాకతీయ రుద్రమదేవి కాలపుది. గణపతిదేవుడు, రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలను ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆ గ్రామాల ఆదాయాన్ని మూడు పాళ్ళు చేశారు. ఒక పాలు దేవాలయానికి. ఒక పాలు విద్యార్థులకు, శైవమఠానికి. మూడవ పాలు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. తమిళదేశంలోని ఎన్నాయిరం శాసనం ఇంకా పాతది. మొదటి రాజేంద్ర చోళుని కాలంలో అక్కడ 340 మంది విద్యార్థులకు వారి చదువు స్థాయిని బట్టి రోజుకు ఇంత వడ్లు అని కొలత నిర్ణయించి ఇచ్చారు.

చరిత్ర విద్యార్థిగా ఈ శాసనాలను చదివినప్పుడు నాకు రెండు విషయాలు తోచేవి. ఉద్యోగంలో చేరిన తర్వాత వాటి బరువు మరింత తెలిసింది. మొదటిది: ఆ సహాయం ఏ యేటికాయేడు బొక్కసంలో ఏమి మిగిలిందో చూసి ఇచ్చినది కాదు. ముందుగా భూమిని కేటాయించారు. పంట వచ్చినంత కాలం విద్యార్థి కంచంలో అన్నం ఉంటుంది. రాజు మారినా, మంత్రి మారినా, ఆ ఏర్పాటును చెరిపినవానికి పాపం తగులుతుందని రాతిమీద చెక్కించారు. రెండవది: ఆ విద్యాశాల అందరిదీ కాదు. మల్కాపురం సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు అన్నం పెట్టాలన్నారు. కాని పక్కనే వేదశాస్త్రాలు చెప్పే చోటికి ఆ చండాలుని కుమారుడు వెళ్ళలేడు. ఆకలి విషయంలో ఒప్పుకొన్న సమానత్వాన్ని అక్షరం విషయంలో ఒప్పుకోలేదు.

అనగా పాత ఏర్పాటులో స్థిరత్వం ఉంది, సమత్వం లేదు. నేటి ఏర్పాటులో సమత్వం ఉంది, స్థిరత్వం లేదు. ఏ కులంలో పుట్టినా, ఏ ఊరినుండి వచ్చినా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే డబ్బు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. నాడు విద్యార్థుల కోసం రాసి ఇచ్చిన ఆ వెలగపూడిలోనే నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది. విద్యార్థుల చెల్లింపుల దస్త్రాలు అక్కడినుండే కదులుతాయి. చరిత్రలో ఇటువంటి యాదృచ్ఛికాలకు అర్థాలు వెతకరాదని మా గురువులు చెప్పేవారు. అయినా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆ స్తంభం గుర్తుకు రాక మానదు.

వారాల అన్నం, బరోడా ఒప్పందం

రాజుల కాలం గతించి, ఇంగ్లీషు చదువులు వచ్చిన తర్వాత తెలుగునాట పేద విద్యార్థిని ఆదుకొన్నది వారాల అన్నం. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరొక ఇంట్లో భోజనం చేస్తూ ఎందరో చదువుకొన్నారు. వారాలు పెట్టిన గృహిణుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళు నడిపి పిల్లలను పెంచారు. పరీక్ష రుసుముకై ఆమె పట్టుచీర తాకట్టుకు వెళ్ళింది. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు అనే ఉపాధ్యాయుడు ఆ కుర్రవానిని చేరదీసి చదివించారు. ఇటువంటి ఉదారతను తక్కువ చేసి మాట్లాడే అర్హత మనకు లేదు. కాని దాని పరిధిని కూడ గుర్తించాలి. వారాలు పెట్టే ఇల్లు ఎవరిని లోపలికి రానిస్తుందో అతనికే చదువు. గడపకు బయట నిలిచినవానికి వారంలో ఏడు రోజులూ ఒక్కటే.

ఆ గడపను దాటించడానికి కొందరు పాలకులు, పెద్దలు పూనుకొన్నారు. కొల్హాపూరులో ఛత్రపతి శాహూ మహారాజు 1901 మొదలుకొని వివిధ వర్గాల విద్యార్థులకు వసతిగృహాలు ఏర్పరచారు. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టలు తెలంగాణ పల్లెల యువకులకు రాజధానిలో ఒక నెలవయింది. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ 1913లో భీమరావు అంబేద్కర్‌కు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకై నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్ళ సహాయం మంజూరు చేశారు. చదువు ముగిసిన తర్వాత పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది ఒప్పందం.

ఆ ఒప్పందం కథ ప్రతి సంక్షేమాధికారి తెలుసుకోదగినది. 1917లో అంబేద్కర్ మాట ప్రకారం బరోడాకు వెళ్ళారు. ఉద్యోగమిచ్చిన నగరం ఆయనకు అద్దెకు ఒక గది ఇవ్వలేదు. పార్సీల సత్రంలో మారుపేరుతో కొద్దిరోజులు తలదాచుకొని, అక్కడినుండి కూడ వెళ్ళగొట్టబడి, ఒక చెట్టు కింద కూర్చుని దుఃఖించి తిరిగివెళ్ళారు. సహాయం పట్టాను ఇవ్వగలిగింది గాని పడుకొనే చోటును ఇవ్వలేకపోయింది. డబ్బు ఇవ్వడంతో రాజ్యం బాధ్యత తీరిపోదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. అంబేద్కర్ ఆ అనుభవాన్ని మరచిపోలేదు. 1942లో వైస్రాయి కార్యవర్గ సభ్యుడైన తర్వాత షెడ్యూల్డు కులాల విద్యకు కేంద్ర ధనసహాయం కావాలని పట్టుబట్టారు. 1944లో మెట్రిక్ అనంతర ఉపకార వేతనాల పథకం ఆరంభమయింది. ఒక మహారాజు దయగా తాను పొందినదాన్ని ఆయన తన తర్వాతివారికి ప్రభుత్వ నియమంగా మార్చి ఇచ్చారు.

ఋణం అనే ప్రత్యామ్నాయం

దానంలో పుచ్చుకొనేవాని తల వంగుతుంది గనుక అప్పే గౌరవప్రదమని వాదించేవారున్నారు. ఈ వాదాన్ని తేలికగా తోసివేయలేము. ఇంజనీరుగా, వైద్యునిగా స్థిరపడబోయేవాని చదువు ఖర్చును, పాఠశాల గడప తొక్కని కూలీ కొనే అగ్గిపెట్టె మీది పన్నుతో భరించడం న్యాయమేనా అని వారు అడుగుతారు. ఈ ఆలోచనతోనే కేంద్ర ప్రభుత్వం 1963లో జాతీయ ఋణ ఉపకార వేతన పథకాన్ని వడ్డీ లేని అప్పుగా ప్రారంభించింది. ఇచ్చినది తిరిగి వసూలు కావడం కష్టమై అది కాలక్రమాన ఆగిపోయింది. తర్వాత బ్యాంకు రుణాలు వచ్చాయి. తక్కువ ఆదాయం గల కుటుంబాల వారికి చదువుకొనే కాలపు వడ్డీని భరించే పథకం 2009లో వచ్చింది. 2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం, 8 లక్షల రూపాయల వరకు వార్షికాదాయమున్న కుటుంబాలకు 10 లక్షల లోపు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీనిస్తున్నది.

ఖరీదైన వృత్తివిద్యలలో, చదువు ముగియగానే మంచి జీతం దొరికే చోట, అప్పుకు కొంత స్థానముంది. కాని అప్పు అందరికీ ఒకే బరువు కాదు. ఇంట్లో ముగ్గురు ఉద్యోగస్థులున్న కుర్రవానికి నాలుగు లక్షల అప్పు ఒక లెక్క. ఇంట్లో తొలిసారి కళాశాలకు వచ్చిన కౌలురైతు కుమార్తెకు అదే అప్పు ఒక భయం. అప్పులవల్ల ఏమేమి జరుగుతాయో ఆమె ఊళ్ళో కళ్ళారా చూసింది. ఆ భయం ఆమె ఏ చదువు ఎంచుకోవాలో నిర్ణయిస్తుంది. ఎక్కువ కాలం పట్టే చదువును, జీతం తక్కువ తెచ్చే చదువును ముందే కొట్టివేస్తుంది. చరిత్ర, భాష, గణితం చదివి పల్లెలో పాఠం చెప్పగలిగిన మనిషి ఆ విధంగా మనకు దక్కకుండా పోతుంది. చదువు ఫలం చదివినవానికి మాత్రమే చెందదు గనుక దాని ఖర్చు కూడ అతనికి మాత్రమే చెందరాదు. ఎక్కువ సంపాదించినవాడు ఎక్కువ పన్ను కట్టడం ద్వారా ఆ బాకీ ఎలాగూ తీరుస్తాడు.

మన సంప్రదాయంలో ఋషిఋణమనే భావన ఉంది. ఋషులనుండి పొందిన జ్ఞానానికి మనిషి ఋణపడి ఉంటాడు. అయితే ఆ ఋణాన్ని ఋషికే తిరిగి చెల్లించడం సాధ్యం కాదు. తాను చదివి, మరొకరికి చెప్పి తీర్చుకోవాలి. ఇచ్చినవారివైపు కాక రాబోయేవారివైపు చెల్లించే ఋణమది. విద్యార్థికి రాజ్యం చేసే సహాయాన్ని అప్పు అని పిలవదలచుకొంటే, నా దృష్టిలో అది ఈ అర్థంలోనే అప్పు. బరోడాలో తీర్చలేకపోయిన బాకీని 1944లో అంబేద్కర్ తీర్చినది ఈ పద్ధతిలోనే.

మాట ఇచ్చిన రాజ్యం

మరి ఇది హక్కా? రాజ్యాంగం 41వ అధికరణం విద్యావిషయంలో పౌరునికి సహాయం చేయడాన్ని రాజ్యపు ఆర్థిక స్తోమతకు లోబరచింది. 46వ అధికరణం బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యాప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించమన్నది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడ పక్షమై ఉన్న ఆ వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు విద్య ప్రాథమిక హక్కని, ఆపైన అది ఆర్థిక స్తోమతను బట్టి ఉంటుందని తీర్పు చెప్పింది. శ్రీలంక వంటి చిన్న దేశం 1945లోనే కన్నంగర సంస్కరణలతో విశ్వవిద్యాలయం వరకు ఉచిత విద్యను చేపట్టింది. మన దేశపు విస్తృతికి ఆ మార్గం నాడు సాధ్యం కాలేదు. కనుక పద్నాలుగేళ్ళు దాటిన విద్యార్థి, న్యాయశాస్త్ర దృష్ట్యా, ‘నాకు ఇవ్వవలసిందే’ అని అనలేడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. స్తోమత చాలదని చెప్పే అధికారం రాజ్యానికి మాట ఇవ్వకముందు ఉంటుంది. ఇచ్చిన తర్వాత ఉండదు. ‘చేరు, ఫీజు మేము కడతాము’ అని ప్రకటించి, ఆ ప్రకటనను నమ్మి ఒక కుటుంబం తన బిడ్డను కళాశాలకు పంపిన తర్వాత, ప్రశ్న స్తోమతది కాదు, మాటది. దానం చేయకపోవడం లోభం కావచ్చు. మాట ఇచ్చి ఆలస్యం చేయడం వేరొక దోషం. దాని ఫలితాన్ని మాట ఇచ్చినవాడు కాక నమ్మినవాడు అనుభవిస్తాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకాన్ని ఈ దృష్టితో చూడాలి. అది సామాన్యమైన పథకం కాదు. ఊరికి ఒకరు కూడ ఇంజనీరు లేని పల్లెల నుండి, ఇంటికి ఒకరు చొప్పున యువతీయువకులను కళాశాలలకు నడిపించింది. ముఖ్యంగా ఆడపిల్లలను ఇంటర్మీడియెట్ దగ్గర ఆపివేయడానికి తల్లిదండ్రులకున్న సాకును తొలగించింది. విదేశాలలో స్థిరపడిన తెలుగువారిలో ఈ పథకం వల్ల చదివినవారు ఎందరో ఉన్నారు. దాని గొప్పదనాన్ని ఒప్పుకొన్న తర్వాతనే లోపాలను చెప్పడం న్యాయం.

రీయింబర్స్‌మెంటు అంటే ముందు ఎవరో పెట్టిన ఖర్చును తర్వాత తిరిగి ఇవ్వడం. ముందు పెట్టేదెవరు? విద్యార్థి దగ్గర లేదు. ఉంటే ఈ పథకమే అక్కరలేదు. కళాశాల పెట్టాలి. కళాశాలకు రావలసినది ఏళ్ళ తరబడి నిలిచిపోతే అది తన ఒత్తిడిని విద్యార్థిమీదికి మళ్ళిస్తుంది. తెలంగాణలో 2025లో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూసి నిరసన తెలిపేదాకా వెళ్ళింది వ్యవహారం. కోర్సు ముగించిన విద్యార్థి సర్టిఫికెట్లు కావాలంటే, ‘ప్రభుత్వం నుండి రాలేదు, మీరు కట్టి తీసుకువెళ్ళండి, వచ్చినప్పుడు ఇస్తాము’ అంటారు. అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టంగా చెప్పింది. అయినా మా బంధువర్గంలోనే ఒక పిల్లవాడు, కాగితాలు చేతికి రాక, వచ్చిన ఉద్యోగంలో చేరే గడువు దాటబెట్టుకొన్నాడు. ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య ఉన్న బాకీకి తాకట్టు వస్తువు అతని పట్టా. ప్రకాశంగారి తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టింది, తన ఇష్టంతో. ఈ కుర్రవాని పట్టాను తాకట్టు పెట్టినప్పుడు అతనిని ఎవరూ అడగలేదు.

నేను చేసిన రెండు సంతకాలు

ఇంతవరకు వ్యవస్థను గురించి రాశాను. వ్యవస్థ అన్నది నావంటివారి సంతకాలతోనే నడుస్తుంది గనుక ఒక అనుభవం చెప్పక తప్పదు. చాలా ఏళ్ళ క్రితం ఒక మండలంలో తహశీల్దారుగా ఉండేవాణ్ణి. వెనుకబడిన తరగతుల విద్యార్థులకు అప్పట్లో కుటుంబ వార్షికాదాయ పరిమితి ఒక లక్ష రూపాయలు. ఒక చిల్లర దుకాణదారు కుమార్తెకు ఇంజనీరింగులో సీటు వచ్చింది. విచారణకు వెళ్ళిన ఉద్యోగికి ఆ తండ్రి తన లెక్కల పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించాడు. ఆదాయం 1,04,000 రూపాయలని నివేదిక వచ్చింది. అదే రోజు మరొక దస్త్రం నా బల్లపైకి వచ్చింది. పదెకరాల మాగాణి గల కుటుంబమది. వ్యవసాయాదాయానికి రసీదులుండవు. ఆదాయం 60,000 అని నివేదిక. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి.

మొదటిదానిని తిరస్కరించాను, రెండవదానిపై సంతకం చేశాను. రెండు చోట్లా నియమాన్ని పాటించాను. రెండు చోట్లా అన్యాయం చేశాను. నాలుగు వేల రూపాయల తేడాకు ఆ దుకాణదారు, ఏటా ముప్పై వేలకు తక్కువ కాని ఫీజు సహాయాన్ని పూర్తిగా కోల్పోయాడు. మరునాడు ఆయన వచ్చి, కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టుగా అడిగాడు: “సార్, ఉన్నది ఉన్నట్టు చూపించడం నా తప్పా సార్?” నియమాన్ని వివరించాను. ఆయన విన్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి చదువు ఏమయిందో ఆ తర్వాత నేను కనుక్కోలేదు. కనుక్కోకపోవడం పని ఒత్తిడి వల్ల అని అప్పుడు అనుకొన్నాను.

ఒక పథకం డబ్బును వృథా చేస్తే ఆడిట్‌లో బయటపడుతుంది. ఒక పథకం సత్యం చెప్పినవానిని శిక్షించి, దాచినవానికి బహుమానమిస్తే, ఆ నష్టం ఏ ఆడిట్‌లోనూ కనబడదు. పద్దెనిమిదేళ్ళ వయసులో రాజ్యంతో పౌరునికి జరిగే మొదటి లావాదేవీ ఈ దరఖాస్తు. అందులో అతను నేర్చుకొనే పాఠం జీవితాంతం ఉంటుంది.

నేనూ ఈ సహాయంతోనే చదివినవాణ్ణి. నా డిగ్రీ రోజులలో ఆ డబ్బు పరీక్షలయిన తర్వాత వచ్చేది. మెస్ బాకీకి సరిపోయేది. పంచేనాడు గుమాస్తా గట్టిగా, “స్కాలర్‌షిప్ వాళ్ళంతా ఆ గోడ పక్కన నిలబడండి” అనేవాడు. అతనికి మామీద ద్వేషమేమీ లేదు. వరుస సరిగా ఉండాలని అలా అనేవాడు. కాని గోడ పక్కన నిలబడిన ప్రతివాడికీ తోటివారి చూపులు తెలుసు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి, విద్య ముగించి వెళ్ళే శిష్యునికి దానాన్ని గురించి చేసిన ఉపదేశంలో, శ్రద్ధతోను, సిగ్గుతోను, భయంతోను ఇవ్వమంటుంది. సిగ్గు ఇచ్చేవానికి ఉండాలన్నమాట. మేమేమో దానిని పుచ్చుకొనేవానికి బదిలీ చేశాము.

ఏమి చేయవచ్చు

సంస్కరణ అంటే కొత్త పేరు పెట్టడం కాదు. నాకు తోచినంతలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. వీటిలో ఏదీ అసాధ్యమైనది కాదు.

ఆదాయ పరిమితి గోడలా కాక వాలులా ఉండాలి. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు 2021లో సవరించిన కేంద్ర మార్గదర్శకాలలో పరిమితి 2.5 లక్షల రూపాయలు. పరిమితి ఎంతయినా సరే, దానిని నాలుగు వేలు దాటినవాడు సహాయంలో కొంత కోల్పోవాలి గాని మొత్తం కోల్పోరాదు. అలా చేస్తే అబద్ధం చెప్పవలసిన అవసరం సగం తగ్గుతుంది. ఆదాయం తెలుసుకోవడానికి కూడ, ఏటేటా పేదరికాన్ని కొత్తగా నిరూపించుకోమనడం మాని, కోర్సు మొదట్లో ఒకసారి విచారించి చివరివరకు దానినే నమ్మడం మేలు.

పోషణ భత్యం జీవించదగినదిగా ఉండాలి. అవే 2021 మార్గదర్శకాల ప్రకారం, ఇంటినుండి వచ్చి సాధారణ డిగ్రీ చదివే విద్యార్థికి విద్యాభత్యం ఏడాదికి 3,000 రూపాయలు. రోజుకు ఎనిమిది రూపాయల పైచిలుకు. పల్లెనుండి పట్నానికి ఒక పక్క బస్సు చార్జీకి అది చాలదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ, ఆపై చదువుల వారికి వసతి, భోజనాల కింద ఏడాదికి 20,000 రూపాయలు ప్రకటించినప్పుడు, కాగితం మీది భత్యానికీ నిజమైన ఖర్చుకూ గల దూరం ఎంతో తెలిసింది. ఉద్యోగుల కరువు భత్యం ధరలతోపాటు పెరుగుతుంది. విద్యార్థి భత్యం మాత్రం ఎవరైనా గుర్తుచేసుకొన్నప్పుడు పెరుగుతుంది. ధరల సూచికతో దానిని ముడిపెట్టడానికి ఒక్క ఉత్తర్వు చాలు.

ఎవరికి చెల్లించాలన్నది మూడవది. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజును మొదట కళాశాలలకు చెల్లించారు; తర్వాత తల్లుల ఖాతాలలో వేశారు; 2024లో ప్రభుత్వం మారిన తర్వాత మళ్ళీ కళాశాలలవైపు మళ్ళారు. కళాశాలకే ఇస్తే విద్యార్థి ఒక సంఖ్యగా మిగులుతాడు. సంఖ్య కోసమే నడిచే కళాశాలలు పుట్టుకొస్తాయి. తల్లికి ఇస్తే ఆమెకు కళాశాలను ప్రశ్నించే అధికారం వస్తుంది. అయితే ఇంట్లో జబ్బు వచ్చిన నెలలో ఆ డబ్బు ఆస్పత్రికి పోతుంది, పోవడం తప్పనీ అనలేము. బోధనా రుసుమును, విద్యార్థి హాజరును ధ్రువపరచుకొని, కళాశాలకు. తిండి, వసతి, పుస్తకాల డబ్బును విద్యార్థి చేతికి ఇవ్వడం ఈ చిక్కుకు ఒక మధ్యేమార్గం. ఓటు వేయడానికి యోగ్యుడైనవాడు తన భోజనపు ఖర్చును చూసుకోవడానికి యోగ్యుడు కాకపోడు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆలస్యానికి బాధ్యత. గడువు దాటిన చెల్లింపుకు ప్రభుత్వం వడ్డీ కట్టాలి. ఆ భారం విద్యార్థిమీద పడకుండా, బకాయి ఉన్నంతకాలం ఏ కళాశాలా ధ్రువపత్రాన్ని ఆపరాదన్న నిబంధనను అమలుచేసే అధికారి ఒకరు జిల్లాలో ఉండాలి. పన్ను ఆలస్యంగా కట్టిన పౌరునినుండి వడ్డీ వసూలు చేస్తున్నాము. మాట ఆలస్యంగా నిలుపుకొన్నందుకు మనమూ చెల్లించాలి. ఇందుకు నిధి ముందుగానే విడిగా ఉండాలి; మిగిలితే ఇచ్చేదిగా ఉండరాదు. రుద్రమదేవి కాలపు అధికారులు ఈ ఒక్క విషయంలో మనకంటె ముందుచూపుతో వ్యవహరించారు.

ఖజానా పరిస్థితి తెలిసిన సహోద్యోగులు ఇక్కడ నన్ను ఆపి, అన్నిటికీ డబ్బెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇవ్వగలిగినంతే ప్రకటించడం దానికి నా సమాధానం. తక్కువ ప్రకటించి నెల మొదటి తేదీన ఇచ్చే ప్రభుత్వాన్ని నమ్ముకొని ఒక కుటుంబం తన లెక్క తాను వేసుకోగలదు. ఎక్కువ ప్రకటించి ఎప్పుడో ఇచ్చే ప్రభుత్వాన్ని నమ్మితే ఏ లెక్కా నిలవదు. మాకు జీతం నెల దాటితే ఎంత ఆందోళన పడతామో మనకు తెలుసు. విద్యార్థికి ఇచ్చేదాన్ని కూడ వేతనమనే పిలుస్తున్నాము గదా.

ఆ మాటలోని మొదటి సగాన్ని తొలగించమని నేను కోరను. ఉపకార బుద్ధి లేకపోతే ఏ నియమమూ మనుషులను ఆదుకోదు. అయితే అది ఇచ్చేవారి మనసులో ఉండవలసిన మాట. పుచ్చుకొనేవారి దరఖాస్తులో ఉండవలసిన మాట కాదు. దరఖాస్తుకు రెండవ సగం చాలు. ఆ దుకాణదారు ఆనాడు నా ఎదుట నిలబడి అడిగిన ప్రశ్నకు నియమాన్ని చెప్పాను గాని సమాధానం చెప్పలేదు. తప్పు ఆయనది కాదని ఆనాడే చెప్పి ఉండవలసింది.